దేవునర్ర ఇసుక

ఇసుక గడ్డ అనుకుని ఎస్తేరు అరచేత్తో అదిమి నలిపింది. అది ఇసుక గడ్డ కాదు.

ముందు వాసన వచ్చింది, తర్వాత చేతికి తెలిసింది. వేళ్ల సందుల్లోకి, గోళ్ల కిందికి, జల్లెడ కన్నాల్లోకి మెత్తగా దిగిపోయింది. ఆ చేతిని ఒంటికి దూరంగా, తనది కానట్టు పట్టుకుని నీళ్ల డ్రమ్ము దగ్గరికి ఉరికింది. సిమెంటు సంచి ముక్కతో తోమింది. ఇటుక పొడితో తోమింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మొహం తిప్పుకుని, మళ్లీ తోమింది.

"మళ్ళ తగిలిందా?" పరంజా బొంగుల మీద నిలబడి గోడకు సిమెంటు మాలు కొడుతున్న సిద్ధిరాములు మేస్త్రి పైనుంచి నవ్వాడు. "తొక్కితేనే అదృష్టమంటరు ఎస్తేరక్కా. నువ్వు పిసుకుతనే ఉన్నవ్. ఇగ నీకు ఎదురుందా?"

"ఆగన్నా, నీ మాల్ల గూడ ఇంత కలిపిస్త. అదృష్టం నీకు మాత్రం వద్దా?"

నవ్వులాటే, కానీ ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఏడుపుతో వచ్చినవి కావు, కోపంతో వచ్చినవి.

రోడ్డు మీద పోసిన ఇసుక అది. వానకు తడిసి గడ్డలు కడుతుంది. గోడకు పై పూత నున్నగా రావాలంటే ఆ ఇసుకను చేతి జల్లెడలో పోసి, ఊపి, మిగిలిన గడ్డలను అరచేత్తో రుద్ది దించాలి. రోజంతా ఎస్తేరు పని అదే. పిల్లి తన పెంటను ఊరికే వదిలిపెట్టదు. గుంత తవ్వి, పోయి, మీద ఇసుక లాగి కప్పుతుంది. దాని చుట్టూ ఇసుక అంటుకుని గట్టిపడితే అచ్చం గడ్డలాగే ఉంటుంది. పైనుంచి మేస్త్రి "మాలు, మాలు" అని మొత్తుకుంటుంటే ఏది గడ్డో ఏది కాదో చూసుకునే తీరిక ఎవరికుంటుంది?

ఇల్లు చక్రధర్‌ది. కామారెడ్డి మార్కెట్లో విత్తనాలు, ఎరువుల దుకాణం ఆయనది. రైలు పట్టాల అవతల, కొత్త కాలనీలో, ఉన్న పాత ఇంటి పక్కనే రెండంతస్తులు లేపుతున్నాడు. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించుకున్నాడు.

సందు మలుపులో కోడికూర దుకాణం ఉంది. కాలనీ పిల్లులన్నీ అక్కడ తిని ఇటు వస్తాయి. మొదట్లో చక్రధర్ పాత ఇంటి వాకిట్లోకి, పూలకుండీల్లోకి పోయేవి. ఆయన ఊరుకుంటాడా? కుండీల్లో కారం చల్లించాడు. మూలమూలకు ఫినాయిలు పోయించాడు. గోడ మీద గాజు పెంకులు గుచ్చించాడు. గేటుకు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు కట్టించాడు. ఆ సీసాలు కుక్కల కోసమని భార్య అనిల చెప్తే, "పిల్లికి మాత్రం కండ్లు లెవ్వా?" అన్నాడు. మొత్తానికి ఆయన వాకిలి శుభ్రమయ్యింది. పిల్లులేమో రోడ్డు మీది ఇసుకకు మళ్లాయి. అక్కడినుంచి ఎస్తేరు చేతికి వచ్చాయి.

మధ్యాహ్నం చక్రధర్ బండి దిగగానే ఎస్తేరు ఎదురువెళ్లింది.

"సేటూ, ఇసుకల పిల్లులు పోతున్నయి. రోజు చేతికి తగులుతుంది. దుకాణంల తాడపత్రిలు ఉంటయి గద, ఒక్కటి తెచ్చి పొద్దుమూకంగ కప్పితే..."

"తాడపత్రా?" చక్రధర్ హెల్మెట్ తియ్యకుండానే నవ్వాడు. "యూరియా బస్తాల మీద కప్పుతరు తాడపత్రి. ఇసుకకు గొడుగు వడుతరా ఎవలన్న? చూసుకొని పట్టు. కండ్లున్నయి గద."

పాత ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయ తుంచుతున్న అనిల తల ఎత్తలేదు. వినలేదని కాదు. విన్నది.

"మేస్త్రీ, నువ్వన్న చెప్పవా?" ఎస్తేరు సిద్ధిరాములును అడిగింది.

"చెప్పిచ్చుకునే మనిషా ఆయన? పట్టు, పట్టు. శ్రావణం ముంగట్ల గోడలు అయిపోవాలె."

*

ఎల్లారెడ్డి పోయే పల్లెవెలుగులో ఎస్తేరు కుడిచేతిని కొంగులో చుట్టుకుని కూర్చుంది. పొద్దున ఎక్కి కామారెడ్డికి రావడం, సాయంత్రం లింగంపేట మీదుగా తిరిగి పోవడం. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఎల్లారెడ్డి నుంచి ఎంతోమంది ఇట్లాగే పనికి వస్తున్నారు. వానకాలంలో ఎల్లారెడ్డి కూలీల అడ్డా మీద నిలబడితే పిలిచేవాడు ఉండడు. నాట్లు అయిపోయాయి, కలుపుకు ఇంకా వేళ కాలేదు. సిద్ధిరాములు చెయ్యి వదిలేస్తే ఆమె పనీ పోయినట్టే.

వాళ్ల వాడలో ఇంటి ముందు అత్త ఈరవ్వ కొత్తిమీర మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. కోడలు పళ్లెంలో అన్నం పెట్టుకుని చెయ్యి పెట్టకుండా చూస్తుంటే, "ఏమైంది బిడ్డా?" అంది.

ఎస్తేరు చెప్పింది. ఈరవ్వ నోట్లోని ఆకు ఉమ్మేసి, "ఓసి నీ బతుకు గాను, గింతదానికా?" అంది. "పిల్లికి మెత్తటి జాగ గావాలె. నా మడికి ఏం జేసిన? గా చూడు."

మడి మీద తుమ్మకంప పరిచి ఉంది. ముళ్ల సందుల్లోంచి కొత్తిమీర పచ్చగా లేచి వస్తోంది.

"ఇత్తనం ఎయ్యంగనే కంప పరుస్త. వచ్చి ఇంత వాసన జూసి పోతయి, కాలు పెట్టయి. మూగజీవిని కొట్టేది లేదు, తిట్టేది లేదు."

మర్నాడు పొద్దున ఎస్తేరు కంపమోపు నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోయింది. తలుపు దగ్గరే కండక్టరు చేయి అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా గిది? జీరో టికెట్ మనిషికి ఉన్నది గని కంపకు లేదు."

"టికెట్ కొట్టు, కొనుక్కుంట. కంపకు ఆధార్ కార్డు లేదు మరి."

బస్సంతా నవ్వింది. "ఎవలకు గుచ్చవోతున్నవే?" అని వెనక సీట్లోంచి ఒక అవ్వ అడిగింది.

"ఎవలకు గుచ్చ, అవ్వా. గుచ్చకుంట బతుకుదామనే చూస్తున్న."

కండక్టరు గొణుక్కుంటూనే మోపును డ్రైవరు వెనక మూలకు నెట్టించాడు. చేతుల నిండా ముళ్లు గుచ్చుకున్నా ఎస్తేరు కామారెడ్డి దాకా దాన్ని పట్టుకునే నిలబడింది.

ఆ సాయంత్రం పని దిగాక ఇసుక కుప్పను పారతో దగ్గరికి లాగింది. పైన చెంబుతో నీళ్లు చల్లి, అరచేత్తో తట్టి గట్టిపరిచింది. కంపను కింది నుంచి మొదలుపెట్టి, కొమ్మకు కొమ్మ చిక్కువేస్తూ పైదాకా పేర్చింది. వేళ్లకు ముళ్లు దిగి రక్తం చిమ్మితే నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ పేర్చింది. ఎర్రమచ్చల పిల్లి ఒకటి గోడ మీద కూర్చుని ఇదంతా చూసింది. దిగి వచ్చి, ఒక ముందుకాలు లేపి, ముల్లు తగలగానే దించకుండా అట్లాగే నిలబడి, వెనక్కి తిరిగి పోయింది.

"పో తల్లీ," అంది ఎస్తేరు. "నీ మీద నాకేం కోపం లేదు."

*

మర్నాడు ఆమె వచ్చేసరికి ఇసుక ఇసుకలాగే ఉంది. కంప ఒక పక్కకు జరిపి, నాలుగు తట్టలు జల్లెడ పట్టింది. చెయ్యి నిర్భయంగా ఆడింది. గడ్డలు అరచేతి కింద గరగరమని విరిగి, సన్నటి ఇసుక ధారగా దిగింది. "మాలు" అని పైనుంచి అరుపు రాకముందే మాలు పోయింది. సిద్ధిరాములు కూడా "ఇయ్యాల నీ చేతికి రెక్కలొచ్చినయి" అన్నాడు.

అప్పుడు ఇంటి లోపలినుంచి కేక వచ్చింది.

పూజ చేసుకునే దేవునర్ర అంటే చక్రధర్‌కు ప్రాణం. ఇంట్లో అన్ని గదులకన్నా ముందు దానికే కొలతలు వేయించాడు. బండలు పరవడానికి అందులో సన్న ఇసుక పోసి చదును చేసి ఉంచారు. తలుపులింకా బిగించలేదు. వానకు తడవని చోటు, మెత్తటి చోటు, అడ్డం లేని చోటు. రాత్రి పిల్లులు అక్కడికి పోయాయి.

"మేస్త్రీ! ఏయ్ మేస్త్రీ! ఇటు రా!" చక్రధర్ ముక్కుకు రుమాలు పెట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన చూపు ఇసుక మీది కంప మీద పడింది. "ఎవలు చెప్పిన్రు గిది పెట్టుమని?"

"నేనే పెట్టిన సేటూ," ఎస్తేరు జల్లెడ కింద పెట్టింది.

"నువ్వు కంప పెడ్తివి. అవి సక్కగ నా దేవునర్రల జొచ్చినయి! ఇన్నొద్దులు ఇసుకల పోతుండె, ఎవలకేం తక్లీబ్ లేకుండె!"

ఎవరికేం ఇబ్బంది లేదట. ఎస్తేరు తన చేతుల వైపు చూసుకుంది. రెండు చేతులూ ఉన్నచోటే ఉన్నాయి. ఆయనకే కనపడలేదు.

సిద్ధిరాములు బొంగుల మీంచి దిగి, తల గోక్కుని, "ఎలుకల మందు పెడ్తే పాయె సేటూ," అన్నాడు.

చక్రధర్ చెంపలు వేసుకున్నాడు. "అమ్మో! పిల్లిని సంపితే బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలె. ఇచ్చినా ఆ పాపం పోదంటరు. ముహూర్తం ముంగట పెట్టుకొని గా పనా?" అని ఆగాడు. గొంతు తగ్గించి ఎస్తేరు వైపు తిరిగాడు. "మీరు చర్చికి పోయెటోళ్లు గద. మీకు గీ పిల్లి పాపం పట్టింపు ఉండదు. మందు నేను దెప్పిస్త. జర నువ్వు పెట్టరాదు?"

"మా పాపాలు ఏమన్న మాఫీ అయినయా సేటూ? మీరు జేస్తే పాపం, నాతోని చేపిస్తే కాదా? నేను పెట్ట."

"అయితే కంప తీసెయ్. అవి మళ్ల ఇసుకలనే పోనియ్."

"మళ్ల నా చేతులకే రానియ్యమంటున్నరు."

"పనన్నంక అన్నీ ఉంటయి. కడుక్కుంటె పోతది. చేతగాకపోతే చెప్పు, రేపటినుంచి రాకు. అడ్డా మీద మనుషులు దొరకరా?"

సిద్ధిరాములు ఆమె జవాబుకు ఆగలేదు. కట్టెతో కంపను గుంజి రోడ్డు అవతల మురికికాలువ పక్కన పడేశాడు. ఆమె ఒక్కో కొమ్మ చిక్కువేసి పేర్చినది రెండు గుంజులకే ఊడి వచ్చింది.

ఎస్తేరు కదలలేదు. ఆమె గొంతు పెద్దది కాలేదు. "మంచిది సేటూ. ఇసుకల పోనియ్యన్రి. రేపు గీ ఇసుకతోనే గద మీ దేవునర్ర గోడలకు మాలు కొట్టేది. రోడ్డు మీద ఉన్నంతసేపు పెంట నాది. గోడకెక్కినంక ఎవలదో మీరే చూసుకోన్రి."

పాత ఇంటి వాకిట్లో కుర్చీ కిర్రుమంది. అనిల లేచి వచ్చింది. ఈసారి ఆమెకు బాగా వినపడింది.

"గిదే ఇసుకనా?" మొగుణ్ని అడిగింది. "దేవునర్రకు గిదేనా? ఇంకో ట్రాక్టరు దింపియ్యన్రి."

"ఏడికెల్లి దేవాలె? మంజీర నిండుగ పారుతుంది. వానలు తగ్గేదాక ఇసుక లేదు."

అనిల కుప్పను చూసింది, పిల్లి నడిచిన గోడను చూసింది, చివరికి ఎస్తేరు చేతులను చూసింది. ఆ చేతుల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. "అయితే మంచిగున్న ఇసుక ఇంత తీసి గేటు లోపట పొయ్యి మేస్త్రీ. దేవునర్రకు సరిపోయేటంత. దాన్ని ఈమె ముట్టొద్దు. నేనే తానం జేసి వచ్చి జల్లెడ పడుత."

సిద్ధిరాములు మంచి ఇసుక చూసి తీసి, గేటు లోపల చిన్న కుప్ప పోశాడు. బజారు నుంచి కొత్త జల్లెడ వచ్చింది. తాడపత్రి మాత్రం రాలేదు. సాయంత్రం అనిల ఇత్తడి చెంబులో పసుపునీళ్లు తెచ్చి కుప్ప చుట్టూ గీతలాగా పోసింది. ఒక ఊదుబత్తి గుచ్చింది. ఆ గీత ఎస్తేరు కోసం. ఎస్తేరుకు అర్థమయ్యింది, దూరంగా తిరిగి పోయింది. పసుపునీళ్లు మనిషిని ఆపుతాయి.

బస్టాండు దాకా సిద్ధిరాములు తోడు నడిచాడు. ఎస్తేరు అడిగింది: "పెంటను ముట్టిన చేతులకు వద్దన్నదా అన్నా, ఒట్టి నా చేతులకే వద్దన్నదా?"

"నీకు పని గావాల్నా, జవాబు గావాల్నా?"

బస్సు వచ్చింది.

*

మర్నాడు పొద్దున అనిల తలంటుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, ఉతికిన నూలు చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. చక్రధర్ అప్పుడే దుకాణానికి పోయాడు. ఎస్తేరు రోడ్డు మీది కుప్ప దగ్గర తన పాత జల్లెడతో నిలబడింది. మధ్యలో గేటు తెరిచి ఉంది.

"ఎట్ల పట్టాలె?" అనిల తల తిప్పకుండానే అడిగింది.

"సగానికే పొయ్యన్రి. నిండ పోస్తే మీకు లేవది. పక్కకు ఊపాలె, పైకి ఎగరెయ్యొద్దు. మిగిలిన గడ్డలను రుద్దాలె."

అనిల రెండు చేతులా జల్లెడ పట్టి ఊపింది. ఇసుక దిగింది. ఆమె మొహంలో చిన్న గర్వం కదిలింది. గడ్డలను మెల్లగా రుద్దింది. గాజులు గలగలమన్నాయి. రెండోసారి పోసింది, ఊపింది.

అప్పుడు ఎస్తేరుకు కనపడింది. తడి ఇసుక గడ్డ ఊపితే మూలలు విరుగుతుంది, చిన్నదవుతుంది. అది విరగడం లేదు. జల్లెడలో ఆ అంచు నుంచి ఈ అంచుకు గుండ్రంగా దొర్లుతోంది.

కొత్తగా తవ్వి పోసిన కుప్ప. మిగిలిన ఇసుక కన్నా అదే మెత్తన. పిల్లికి పసుపు గీత ఏం తెలుసు?

ఎస్తేరు నోరు తెరిచింది. "అమ్మా" అనే మాట నాలుక కొస దాకా వచ్చింది. నిన్నటి మాట దానికి అడ్డం నిలబడింది: ఈమె ముట్టొద్దు. ముట్టొద్దంటే ముట్టొద్దు. చెయ్యీ పెట్టదు, మాటా పెట్టదు. ఎస్తేరు నోరు మూసుకుంది.

అనిల అరచెయ్యి దాని మీద పెట్టి గట్టిగా అదిమింది.

ఆ అరుపుకు సిద్ధిరాములు బొంగుల మీద తాపీ జారవిడిచాడు. జల్లెడ బోర్లా పడింది. అనిల ఆ చేతిని దూరంగా చాచి, మరో చేత్తో నోరు మూసుకుని డ్రమ్ము వైపు ఉరికి, అక్కడే వంగి కక్కుకుంది. ఎస్తేరు గేటు దాటి లోపలికి వచ్చింది. చెంబు ముంచి ఆ చేతుల మీద నీళ్లు పోసింది. ఎవరు పోస్తున్నారో అనిల చూడలేదు. చేతులు చాచి పట్టింది. మళ్లీ పొయ్యి, మళ్లీ పొయ్యి అంది. ఎస్తేరు ఇటుక పొడి అందించింది.

"గోళ్లల్ల తోమన్రి. గాడ్నే ఉంటది వాసన."

కొంచెంసేపటికి అనిల ఊపిరి తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "రోజు గిట్లనేనా?"

"రోజు గిట్లనే."

"మరి చెప్పకపోతివి?"

"చెప్పిన. సేటుకు చెప్పిన, మేస్త్రికి చెప్పిన. మీరు చిక్కుడుకాయ తుంచుకుంట ఇన్నరు."

అనిల చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. ఎస్తేరు మొహంలోకి చూసి, మెల్లగా అడిగింది: "ఇప్పుడు... జల్లెడల అదున్నదని నీకు ఎరుకనా?"

అబద్ధం చెప్తే పని ఉంటుంది. ఎస్తేరు చెంబు డ్రమ్ము మీద పెట్టింది.

"ఎరుకనే."

అనిల మళ్లీ ఇటుక పొడి అందుకుంది.

సిద్ధిరాములు ఫోన్ చేసినట్టున్నాడు. చక్రధర్ బండి మీద వచ్చాడు. వెనక సీటుకు నీలం తాడపత్రి కట్టి ఉంది, మడత కూడా విప్పని కొత్తది. దుకాణం నుంచి ఇంటికి అది రావడానికి ఒక తట్ట మాలు గోడకు కొట్టేంతసేపు కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ అది అంత దగ్గరలో ఉంది.

"ఏమైంది? ఏమైంది?" భార్య మొహం చూసి, నేల మీది జల్లెడ చూసి, ఎస్తేరు మీద విరుచుకుపడ్డాడు. "నువ్వేం జేస్తున్నవ్? రోజు పట్టేదానివి, నీకు తెల్వదా? చూస్కుంట నిలవడ్డవా? ముంగటనే చెప్పొద్దా?"

ఎస్తేరు జవాబు కోసం నోరు తెరిచేలోపు అనిల గొంతు వచ్చింది.

"చెప్పింది."

"ఎప్పుడు?"

"చెప్పింది. మనమే ఇనలే."

చక్రధర్ భార్యను చూశాడు. ఆమె మొహం తిప్పుకోలేదు. సిద్ధిరాములు బొంగుల మీదికి ఎక్కబోయినవాడు ఎక్కకుండా ఆగిపోయాడు. చక్రధర్‌ తాడపత్రి విప్పి గేటు లోపలి కుప్ప మీద పరచబోయాడు.

"మీదికెల్లి కప్పితే ఎట్ల సేటూ?" అంది ఎస్తేరు. "లోపటున్నది గట్లనే ఉంటది. ముందుగాల అది తీసి పారెయ్యాలె. ఆ కుప్పల, ఈ కుప్పల, రెండిట్ల."

"తియ్యి మరి. పార ఆడ్నే ఉన్నది."

ఎస్తేరు పార వైపు చూడలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని, పసుపు గీత అవతలికి వచ్చి నిలబడింది. "దేవునర్ర ఇసుక నేను ముట్టొద్దన్నరు."

చక్రధర్ మేస్త్రి వైపు చూశాడు. సిద్ధిరాములు బొంగు పట్టుకుని, "నేను మాలు కొట్టాలె సేటూ, ఎండిపోతుంది," అన్నాడు. చక్రధర్ అనిల వైపు తిరిగాడు. ఆమె తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటోంది.

చక్రధర్ చొక్కా చేతులు పైకి మడిచాడు. పార అందుకుని, ముక్కు ఒక పక్కకు తిప్పి, కుప్ప అంచున ఇంత గీకి అవతల పోశాడు. మళ్లీ ఇంత గీకాడు. సందులో పోతున్న వాళ్లు ఇద్దరు ఆగి చూశారు.

"ఇంకింత లోతుకు తియ్యన్రి సేటూ," అంది ఎస్తేరు. "పిల్లి మీదమీద పోదు."